మాట ఒకటే, మగ్గాలు వేరు

నాగర్‌కర్నూలు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. నాలుగు పేజీలు, మార్జిను కూడా వదలకుండా. వారి అమ్మాయి వనపర్తిలో పాలిటెక్నిక్ చదువుతోందట, కంప్యూటరు విద్య. సెలవులకు ఇంటికొచ్చి, పొద్దస్తమానం ఆ పెట్టె ముందు కూర్చుని, "ఇంటర్‌ఫేస్", "ఫ్యాక్టరీ" అని గొణుక్కుంటోందట. "ఫ్యాక్టరీ ఏందే బిడ్డా, నీ నౌకరి ఫ్యాక్టరీలనా?" అని తల్లి అడిగితే, "నీకు సమజ్ కాదులే అమ్మా" అన్నదట ఆ పిల్ల. "సమజ్ కాకపోతే కాకపోయె. కాని నాకు సమజ్ కాదని అది ముందే ఎట్ల తేల్చింది?" అని ఆ తల్లి నన్ను నిలదీశారు.

న్యాయమైన ప్రశ్న. పిల్లల చదువులు పెరిగినకొద్దీ తల్లిదండ్రులకూ వాళ్ళకూ మధ్య మాటలు తరిగిపోవడం ఇవాళ చాలా ఇళ్ళలో చూస్తున్నాం. "నీకు అర్థం కాదులే" అన్న మాటలో పిల్లల గర్వం కొంత, బద్ధకం కొంత ఉంటాయి. అందుకని ఈ వారం వంటలూ వార్తలూ పక్కన పెట్టి, ఆ రెండు మాటల సంగతే చూద్దాం. మీ ఇళ్ళలోనూ కంప్యూటరు చదివే పిల్లలుంటారు కనుక ఇది ఒక్కరి ఉత్తరానికి జవాబు కాదు.

నేను ముందుగా చెప్పదలచింది ఒకటుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలు 2016 అక్టోబరు 11న, విజయదశమి నాడు, మూడు వేరు వేరు జిల్లాలయ్యాయి. అంతవరకూ అవన్నీ మహబూబ్‌నగర్ జిల్లాయే. ఆ ప్రాంతపు ఆడవాళ్ళకు ఇంటర్‌ఫేస్ అంటే ఏమిటో, ఫ్యాక్టరీ పద్ధతి అంటే ఏమిటో తరతరాలుగా తెలుసు. ఆ పేర్లు తెలియవు, అంతే. పెట్టె తెరిచి గద్వాల చీర బయటికి తీస్తే సగం పాఠం అందులోనే ఉంది.

చీర దగ్గరికి వచ్చేముందు కంప్యూటరు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. వెనక ప్రోగ్రామంటే వంట విధానంలా ఉండేది: ముందు ఇది చెయ్యి, తరవాత అది చెయ్యి, అదయ్యాక ఇంకోటి. పని చిన్నదైతే ఫరవాలేదు. పెద్దదైతే, పెళ్ళివారింట వంద పనులూ ఒక్క కాగితం మీద రాసుకున్నట్టు, ఏది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నార్వే దేశంలో ఓలె యోహాన్ దాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే ఇద్దరు 1960ల్లో సిములా అనే భాష తయారుచేసి ఇంకో దారి చూపించారు. పనులన్నీ ఒక్క వరసలో రాయడం మాని, ఎవరి సరంజామా వారి దగ్గర, ఎవరి బాధ్యత వారికి అప్పగించి, ఒకరినొకరు అడిగి పని చేయించుకునేట్టు ఏర్పాటు చెయ్యడం. పెళ్ళిలో వంటవాడొకడు, పందిరివాడొకడు, మేళగాడొకడు ఉన్నట్టు. ఆ ఒక్కొక్కరినీ ఆబ్జెక్ట్ అంటారు. ఆ పద్ధతిలో రాసేదే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగు. ఇవాళ పిల్లలు కాలేజీలో నేర్చే జావా వంటి భాషలన్నీ ఆ సంతానమే.

ఇక ఇంటర్‌ఫేస్. "రేపటికి దోసెల పిండి రుబ్బి ఉంచండి" అని ఇంట్లో చెబుతాం. రుబ్బేది రోలు కావచ్చు, గ్రైండరు కావచ్చు, మిక్సీ కావచ్చు, కరెంటు పోతే పక్కింటివారి రోలు కావచ్చు. చెప్పినవారికి ఆ గొడవ అక్కర్లేదు. నానినవి ఇస్తే మెత్తటి పిండి రావాలి, అంతే ఒడంబడిక. ఎవరు చేస్తారో, ఎలా చేస్తారో చెప్పకుండా, ఏం చెయ్యాలో మాత్రం చెప్పే ఆ ఒడంబడికనే ఇంటర్‌ఫేస్ అంటారు. రోలూ, గ్రైండరూ, మిక్సీ ఆ మాటకు కట్టుబడినవి. ఒకటి చెడిపోతే ఇంకోటి పెట్టుకోవచ్చు. దోసెల కార్యక్రమం ఆగదు.

ఇంటర్‌ఫేస్ అన్న మాటకు మామూలు అర్థం రెండు ఎదురుపడి కలుసుకునే చోటు అని. ఇప్పుడు గద్వాల చీర అంచు దగ్గరికి రండి. ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు, జరీ. నూలుకు నూలు గుణం, పట్టుకు పట్టు గుణం. రెండింటినీ సూదితో కుట్టి అతికిస్తే ఒక ఉతుకుకే ఊడి చేతికొస్తుంది. అందుకని గద్వాల నేతగాడు మగ్గం మీదే రెంటినీ కలుపుతాడు. ఒడలికి ఒక నాడె, రెండు అంచులకూ రెండు నాడెలు. అడ్డపోగు వేసినప్పుడల్లా నూలుపోగు పట్టుపోగును మెలివేసి పట్టుకుని వెనక్కి తిరుగుతుంది. దాన్ని కుట్టు అంటారు గాని అందులో సూది లేదు. కుపడం నేత అని కూడా పేరు. ఇంత ఓపిక పని కాబట్టే చాలాచోట్ల మగ్గం దగ్గర ఒకరికి ఇద్దరు కూర్చుంటారు.

ఆ కుట్టు దగ్గర జరిగేదేమిటో చూడండి. నూలు రంగేదైనా పట్టుకు పట్టదు. పట్టు అంచులో కోటకొమ్మ ఉన్నా, వేరే బుటా ఉన్నా నూలుకు అక్కర్లేదు. ఈ చోట, ఇన్ని పోగులకు, ఈ విధంగా మెలి పడాలి అన్న ఒక్క నియమాన్ని రెండూ పాటిస్తే చాలు. ఒడలు మార్చుకోవచ్చు, అంచు మార్చుకోవచ్చు, చీర నిలుస్తుంది. ప్రోగ్రాములో రెండు భాగాలు కలిసే చోట కావలసింది సరిగా ఇదే. ఎదుటివాడి కడుపులో ఏముందో తెలుసుకుని దాన్నిబట్టి నడిచే ప్రోగ్రాము, ఎదుటివాడు కాస్త మారగానే కుప్పకూలుతుంది. కలిసే చోటి నియమాన్ని మాత్రమే నమ్ముకున్నది నిలబడుతుంది.

ఒడంబడిక ఎంతకాలం నిలవగలదో చెప్పడానికి గద్వాలలోనే ఇంకో నిదర్శనం ఉంది. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా గద్వాల సంస్థానం తరఫున స్వామివారికి జోడు పంచెలు వెళతాయి. ఏరువాడ జోడు పంచెలని వాటికి పేరు. సంస్థానాల రోజులు పోయాయి, నిజాం పాలన పోయింది, రాష్ట్రాలు రెండుసార్లు మారాయి. పంచెలు మాత్రం వెళుతూనే ఉన్నాయి. నేసే చేతులు తరం తరానికీ మారాయి. పొడవూ వెడల్పూ అంచూ మారవు. దీక్షలో ఉండి నెయ్యాలన్న నియమమూ మారదు. ఈ ఆఖరి ముక్క గుర్తుంచుకోండి; మళ్ళీ దానితో పనిపడుతుంది.

ఇప్పుడు ఫ్యాక్టరీ. గద్వాలలో ఒక చీరల కొట్టుకు మన అమ్మాయి ప్రోగ్రాము రాస్తోందనుకుందాం. కొట్టులో మూడు రకాలు: నూలు ఒడలికి పట్టు అంచు వేసినవి, పట్టూ నూలూ కలిపిన సీకోవి, నిలువెల్లా పట్టువి. ప్రోగ్రాము బిల్లు వెయ్యాలి, నిల్వ లెక్క చూడాలి, పార్సెలు చీటీ రాయాలి. తొందరపడే పిల్లలు ఏం చేస్తారంటే, బిల్లు దగ్గర "ఇది నూలా, సీకోనా, పట్టా? నూలైతే ఇలా, సీకో అయితే అలా" అని రాస్తారు. నిల్వ దగ్గరా అదే రామాయణం. పార్సెలు దగ్గరా అదే. పని జరుగుతుంది. దసరాకు షాపు యజమాని నాలుగో రకం తెప్పిస్తాడు. అప్పుడు ప్రోగ్రామంతా గాలించి, ఆ ప్రశ్న ఉన్న ప్రతిచోటా నాలుగో జవాబు చేర్చాలి. పది చోట్ల చేర్చి పదకొండోది మరిచిపోతారు. ఆ పదకొండోది సరిగ్గా పండగ రద్దీలోనే బయటపడుతుంది.

దీనికి మందు రెండు మోతాదులు. మొదటిది మనం చూసిన ఒడంబడిక. చీర అన్న ప్రతిదీ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: నీ వెల ఎంత, నీ కొలత ఎంత, నిన్ను ఎలా ఉతకాలి? నూలు చీర తన జవాబు తను చెబుతుంది, పట్టు చీర తన జవాబు తను చెబుతుంది. బిల్లు వేసేవాడు రకం అడగడు, వెల అడుగుతాడు. నాలుగో రకం వచ్చినా బిల్లులో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

కాని ఒక చిక్కు మిగిలింది. ఒడంబడిక కాగితం తనంతట తాను చీర నెయ్యదు కదా! ఎవరో ఒకరు "కొత్త పట్టుచీర ఒకటి తయారుచెయ్యి" అని పేరు పెట్టి చెప్పాలి. జావాలో దానికి న్యూ అనే మాట వాడతారు. ఆ న్యూ అన్న మాట పక్కన రకం పేరు రాయక తప్పదు. ప్రోగ్రాములో ఇరవై చోట్ల న్యూ అని రాస్తే, ఇరవై చోట్లా రకాల పేర్లు మళ్ళీ చొరబడినట్టే. ముందు గుమ్మంలో వద్దన్న చుట్టం పెరటి దోవన వచ్చి కూర్చున్నట్టు.

రెండో మోతాదు షావుకారు. నేతగాళ్ళకు నూలూ పట్టూ జరీ అందించి, మజూరీ చెల్లించి, చీర తీసుకునే మాస్టర్ వీవరును ఇక్కడ షావుకారు అంటున్నాను. హైదరాబాదు దుకాణదారు ఆయనకు కబురు చేస్తాడు: "ఎరుపు అంచు, పసుపు ఒడలు, కోటకొమ్మ, పన్నెండు చీరలు." దాన్ని గద్వాలలో నేయించాలా, రాజోలికి పంపాలా, అమరచింతలో ఖాళీగా ఉన్న మగ్గానికి ఇవ్వాలా అన్నది షావుకారు చూసుకుంటాడు. ఏ మగ్గం మీద ఏ అచ్చు కట్టి ఉందో, ఎవరి చెయ్యి ఏ పనికి తిరిగిందో ఆయనకు తెలుసు. దుకాణదారుకు తెలియదు, తెలియనక్కర్లేదు. ఒక మగ్గం ఆగిపోతే పని ఇంకో మగ్గానికి మారుతుంది, దుకాణదారు పుస్తకంలో గీత కూడా మారదు.

ప్రోగ్రాములో ఆ షావుకారు పేరే ఫ్యాక్టరీ. వస్తువులను తయారు చేయించే పని అంతా ఒక్కచోట పెట్టి, మిగతా వారంతా అక్కడికే వెళ్ళి అడిగేట్టు చెయ్యడం. న్యూ అన్న మాట ఆ గదిలో తప్ప ఇంకెక్కడా వినిపించదు. దసరాకు నాలుగో రకం వస్తే ఆ రకాన్ని రాసి, షావుకారు ఇంట్లో ఒక వాక్యం చేరిస్తే సరి. పదకొండో చోటు అన్నదే ఉండదు. తల్లి అనుకున్న ఫ్యాక్టరీలో పొగగొట్టం ఉంది, దీనికి లేదు. అంతకుమించి ఆవిడ అనుకున్నదాంట్లో పెద్ద తప్పేమీ లేదు.

ఈ పద్ధతులను పోగుచేసి పుస్తకంగా వేసినవారు నలుగురు: ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిసైడ్స్. 1994లో వచ్చిన ఆ పుస్తకంలో 23 పద్ధతులున్నాయి. ఇవి తాము కనిపెట్టినవని వారు చెప్పుకోలేదు. మంచి పనివాళ్ళు అప్పటికే చేస్తున్నవాటికి పేర్లు పెట్టారు. ఆ ఆలోచనకు మూలం క్రిస్టఫర్ అలెగ్జాండర్ అనే వాస్తుశిల్పి. ఇళ్ళూ వీధులూ కట్టడంలో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే చిక్కులకు మళ్ళీ మళ్ళీ పనికొచ్చే పరిష్కారాలున్నాయని ఆయన 1977లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. అంతకుముందు, 1964లో వచ్చిన తన పుస్తకానికి ఆయన ఉదాహరణగా తీసుకున్నది మన దేశపు పల్లెటూరినే. మన పల్లె నుంచి బయల్దేరిన ఆలోచన చుట్టూ తిరిగి వనపర్తి పాలిటెక్నిక్ పాఠంలో దిగిందన్నమాట.

ఆ పుస్తకంలో ఫ్యాక్టరీ జాతివి రెండున్నాయి. మొదటిదానిలో, చెయ్యవలసిన పని వరస పెద్దలు నిర్ణయిస్తారు. ఏ వస్తువు తయారుచెయ్యాలన్న ఒక్క మెట్టు మాత్రం కింది శాఖలకు వదిలేస్తారు. ఇంటి ఆచారం ఒకటే అయినా ఏ కోడలు ఏ పిండివంట చెయ్యాలన్నది ఆ కోడలి ఇష్టానికి వదిలినట్టు. రెండోది జత కుదిర్చే ఫ్యాక్టరీ. ఒడలు, అంచు, కొంగు, రవిక ఇవి నాలుగూ ఒకదానికొకటి నప్పాలి. నాలుగూ నాలుగు చోట్ల తెస్తే చిలకపచ్చ అంచుకు నీలం రవిక వస్తుంది. ఒకే షావుకారును అడిగితే ఆయన వరస తప్పకుండా జత మొత్తం ఇస్తాడు. ప్రోగ్రాములోనూ కలిసి ఉండవలసినవాటిని ఒకే ఫ్యాక్టరీ చేత ఇప్పిస్తే, పొంతన లేనివి పొరపాటున కలవవు.

ఇంటర్‌ఫేస్ అన్న మాట మీ చేతి ఫోనులోనూ ఉంది. యూపీఐ అని మనమంతా పిలిచేదానిలో ఆఖరి ఐ అక్షరం అదే. 2016 ఏప్రిల్‌లో, మన మూడు జిల్లాలు పుట్టడానికి ఆరు నెలల ముందు, నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దాన్ని మొదలుపెట్టింది. చీర కొన్నావిడది ఒక బ్యాంకు, కొట్టువాడిది ఇంకో బ్యాంకు. ఫోనులో ఆవిడ వాడేది ఒక యాప్, అతను వాడేది ఇంకోటి. గల్లా పెట్టె మీద అంటించిన చదరపు బొమ్మకు ఇవేవీ పట్టవు. "ఇంత సొమ్ము, ఈ ఖాతాకు" అన్న ఒడంబడిక అందరూ ఒప్పుకున్నారు కాబట్టి, ఎవరి లోపల ఏ యంత్రం తిరుగుతున్నా పని జరుగుతోంది. ఇలాంటి ప్రోగ్రాము రాసేవారికి ఇంకో లాభం కూడా ఉంది. పరీక్ష చేసుకునేటప్పుడు నిజమైన బ్యాంకు బదులు ఉత్తుత్తి బ్యాంకు ఒకటి పెట్టుకోవచ్చు. ఒడంబడిక ఒకటే కనుక ప్రోగ్రాముకు తేడా తెలియదు. డబ్బు పోదు, తప్పు దొరుకుతుంది.

ఇంత చెప్పానని ప్రతిదానికీ ఫ్యాక్టరీ కట్టమనడం లేదు. కొత్తగా నేర్చిన పిల్లలకు ఈ జబ్బు తగులుతుంది. ఇంట్లో ఒకే మగ్గం, ఒకే రకం చీర; నేసేదీ అమ్మేదీ ఒక్కడే. అక్కడ షావుకారు ఎందుకు? చదివేవాడికి తిప్పట తప్ప లాభం లేదు. రకాలు రెండో మూడో అయినప్పుడో, రేపు మారతాయని గట్టిగా తెలిసినప్పుడో ఆ ఏర్పాటు చేసుకుంటే సరిపోతుంది.

ఒడంబడిక కూడా చిన్నదిగా ఉండాలి. కోడలు వంట చెయ్యాలి, పాట పాడాలి, ఉద్యోగం చెయ్యాలి, కారు నడపాలి అని పెళ్ళిచూపుల్లో జాబితా చదివినట్టుంటే, దానికి సరిపడే మనిషి దొరకదు. దొరికినట్టు నటించేవారు దొరుకుతారు. పైగా పదిమంది నమ్ముకున్న ఒడంబడికను మధ్యలో మార్చడం శుభలేఖలు పంచాక ముహూర్తం మార్చడం లాంటిది. మార్చవచ్చు, కాని ఎవరెవరు పాత వేళకు వచ్చి తలుపు కొడతారో చెప్పలేం.

నటించేవారన్నాను కదా, అసలు కష్టం అక్కడే ఉంది. గద్వాల చీర పేరుతో మరమగ్గం చీరలు బజారులో దొరుకుతున్నాయి. దూరం నుంచి చూస్తే అదే రంగు, అదే అంచు, అదే కోటకొమ్మ. టేపు పెట్టి కొలిస్తే కొలతా సరిపోతుంది. చేనేతకు ప్రత్యేకించిన రకాలను మరమగ్గం మీద నేయకూడదని 1985లోనే పార్లమెంటు చట్టం చేసింది. చేనేతను గుర్తుపట్టడానికి 2006లో హ్యాండ్లూమ్ మార్కు పెట్టారు. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపూ ఉంది. అయినా కొనేవారు చీర తిప్పి వెనకవైపు చూస్తే తప్ప తేడా తెలియదు. అసలు కుట్టులో పోగూ పోగూ మెలిపడి ఉంటుంది.

కంప్యూటరుకూ ఇదే సమస్య. ఒడంబడికలో ఉన్న పేర్లన్నీ ఉన్నాయా, అడిగిన చోట అంకె అంకెలాగే వస్తోందా అని అది చూడగలదు. "నీ వెల ఎంత?" అంటే నిజంగా వెలే చెబుతోందా, నోటికొచ్చిన అంకె చెబుతోందా అన్నది దానికి తెలియదు. బార్బరా లిస్కోవ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1987లో ఒక ఉపన్యాసంలో ఈ సంగతిని ఎత్తిచూపారు. తరవాత 1994లో జెనెట్ వింగ్‌తో కలిసి దాన్ని వివరంగా రాశారు. ఒకదాని స్థానంలో ఇంకోటి పెడితే, దాన్ని నమ్ముకున్నవారికి నడవడిలో తేడా రాకూడదు. పేరు కలిస్తే చాలదు. కంప్యూటరు విద్యలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమానం ఆవిడకు 2008 సంవత్సరానికి వచ్చింది. మన ఇళ్ళలో ముసలమ్మలు ఇదే మాట ఇంకో రకంగా అంటారు: "మిక్సీలో వేసిందీ పచ్చడేనుటే!"

జోడు పంచెల దీక్షను గుర్తుంచుకోమన్నాను. పొడవూ వెడల్పూ టేపుతో కొలవవచ్చు. దీక్ష ఏ టేపుకూ అందదు. అయినా అది ఒడంబడికలో భాగమే, దాన్ని నిలబెట్టేది నేసేవాడి మనస్సు. మీ అమ్మాయి చదువులో కూడా కంప్యూటరు పట్టుకోలేని భాగం ఒకటుంది. అది మీ అమ్మాయి నిజాయితీకి వదిలేసిన భాగం. కాబట్టి ఇలాంటి తల్లులందరికీ నేను చెప్పేదేమిటంటే, పిల్లలు ప్రోగ్రాము రాస్తున్నప్పుడు పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. నీ ఒడంబడికలో ఏముంది? కొత్తది తయారు చెయ్యమని ఎన్నిచోట్ల రాశావు? మాట తప్పిన వస్తువు వస్తే నీకు ఎలా తెలుస్తుంది? మొదటి రెంటికీ జవాబు గడగడా చెబుతారు. మూడోదానికి కొంచెం ఆగుతారు. ఆ ఆగినప్పుడే వాళ్ళకు చదువు పట్టుబడుతుంది. మీకు వాళ్ళతో మాట కలుస్తుంది.

చివరగా ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ప్రోగ్రాములో దాచడం మంచి గుణం. ఎవరు నేశారో దుకాణదారుకు తెలియకపోవడమే ఆ ఏర్పాటుకు బలం అని ఇంతసేపూ చెప్పాను. కంప్యూటరు లోపలి వస్తువులకు ఆకలి లేదు, ఇంటి అద్దె లేదు, పేరు మీద మమకారం లేదు. వాటిని ఎంత దాచినా పాపం లేదు. గద్వాలలోనో, రాజోలిలోనో, అమరచింతలోనో గుంట మగ్గంలో కాళ్ళు దించి కూర్చున్న మనిషి సంగతి అలా కాదు. కొనేవారికి దుకాణం తెలుసు, దుకాణానికి షావుకారు తెలుసు, షావుకారుకు మగ్గం తెలుసు. ఈ వరసలో ఒక్కొక్క మెట్టు దగ్గరా ఒక్కొక్క తెర పడి, చివరికి చీర మీద రోజుల తరబడి కళ్ళు పెట్టినవాడి పేరు చీర కట్టుకున్నావిడకు చేరదు. మజూరీ ఎంత పడిందో అసలే చేరదు. నకిలీ చీర సులువుగా చొరబడేదీ ఆ తెరల వెనక నుంచే.

షావుకారు ఉండకూడదని నేననను. పెట్టుబడీ, పట్టూ, బేరమూ చూసుకునేవాడు లేకపోతే ఎన్నో మగ్గాలు ఆడవు. కాని ప్రోగ్రాములో అడగకూడదని పిల్లలకు నేర్పే ప్రశ్నను మనం కొట్టులో తప్పకుండా అడగాలి. ఈసారి గద్వాల చీర కొనేటప్పుడు అంచు తిప్పి కుట్టు చూడండి. మార్కు ఉందేమో చూడండి. తరవాత బేరం మొదలుపెట్టేముందు, "ఇది ఏ ఊళ్ళో, ఎవరు నేశారండీ?" అని అడగండి. చెప్పగలిగిన కొట్టువాడు గబుక్కున చెబుతాడు. చెప్పలేనివాడు వచ్చేసారికి తెలుసుకుని ఉంచుతాడు. పదిమంది అడిగితే, ఆ పేరు చీరతోపాటు కొట్టుదాకా రావడం మొదలవుతుంది.